యాత్రికులును నూలుపోఁగును

"చంద్రునికొక నూలుపోఁగు" అను సామెత మనవారి నోట నేఁటికిని వినఁబడుచున్నది. మిక్కిలి గొప్పవారికి మిక్కిలి కొంచెమైన దానిని సమర్పించునపుడు మనమీ మాట వాడుదుము. ఇందు నూలుపోఁగు అల్పత్వమునకు గుఱుతు. కాని యీ యల్పవస్తువునే వెదకుచు సముద్రములు దాఁటినవారును, ఊరూరు దిరిగినవారును, సేకరించిన దానిని పెట్టెలలోఁ బదిలపఱచి స్వదేశములకుఁ గొనిపోయినవారును బెక్కండ్రు గలరు. వారేమి కొనిపోయిరి, ఏమి విడిచిపోయిరి యను దానిని విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇది నేఁతవారి విషయమే కాని పండితులది కాదని కొందఱు తలంపవచ్చును. అట్లు తలంచుట తగదు. మన శాస్త్రపరిభాషలోని ముఖ్యపదములు కొన్ని రాట్నమునొద్దనుండియు మగ్గమునొద్దనుండియు వచ్చినవే. సూత్రమనఁగా దారము. తంత్రమనఁగా మగ్గమునఁ జాఁచిన పడుగు. గ్రంథమనఁగా ముడివేసి కూర్చినది. అఱవమున 'నూల్' అను పదమునకు దారమనియు, శాస్త్రగ్రంథమనియు రెండర్థములు గలవు. మన 'నూలు' దానికిఁ దోఁబుట్టువు. 13వ శతాబ్దికిఁ జెందిన 'నన్నూల్' అను నఱవ వ్యాకరణమున గ్రంథరచనము నూలువడకుటతోఁ బోల్పఁబడినది. అందు మాటలు దూది, పండితుఁడు వడకు స్త్రీ, నోరు చేయి, బుద్ధి కదురు. ఈ 'కదురు' శబ్దమును తెనుఁగు, కన్నడము, అఱవము అను మూఁడు భాషలయందును స్వల్పభేదముతో నొక్కటియే. 12వ శతాబ్దిని కన్నడదేశమున వచనములు చెప్పిన శివశరణులలో నొక స్త్రీ, నూలువడకుటయే వృత్తిగాఁ గలది యగుటచే, కదిరె రెమ్మవ్వ యని పేర్కొనఁబడినది. కాఁబట్టి రాట్నము మాట విచారించుట మన మాట మనము విచారించుకొనుటయే యగును.

ఇఁక యాత్రికుల మాట. క్రీస్తుశకము 1వ శతాబ్ది నాఁటి 'పెరిప్లస్' అను గ్రీకు నౌకాయానగ్రంథమున మసాలియ యను తీరప్రాంతము పేర్కొనఁబడినది. అచ్చట సన్నని నూలువస్త్రములు విస్తారముగాఁ దయారగుచున్నవని యా గ్రంథకర్త చెప్పెను. మసాలియ మన మచిలీపట్టణపు సీమ యని చరిత్రకారుల యభిప్రాయము. అటుపిమ్మట 13వ శతాబ్ది చివర వెనీసునగరవాసి మార్కోపోలో మోటుపల్లి రేవునుగూర్చి వ్రాసెను. కాకతి గణపతిదేవుఁడు సముద్రవర్తకులకు 1244-45 ప్రాంతమున నభయశాసనము వేయించిన రేవదియే. ఇచ్చటి వస్త్రములు సాలెపురుగు గూఁటివలె సన్ననివనియు, వానిని ధరింప నొల్లని రాజుగాని రాణిగాని లోకమున లేరనియు నా యాత్రికుఁడు ప్రశంసించెను. సాలెపురుగునకు సాలెవాని పేరు పెట్టిన భాష మనది. ఆ విదేశీయుఁడు సాలెవాని పనికి సాలెపురుగు గూఁటి నుపమానముగాఁ దెచ్చెను. ఒకరినొకరు వినకయే యుభయులు నొక్క పోలికనే పట్టిరి.

అయినను వీరిరువురును వస్త్రమును జూచిరి కాని నూలును జూడలేదు. ఒక మగ్గమునకుఁ జాలినంత నూలు సమకూర్పఁ బలువురు స్త్రీలు వడకవలయును. ఆ స్త్రీల యిండ్లు రేవునకు దూరముగా, పల్లెలలో నుండెడివి. వర్తకుని చేతికి వచ్చు నప్పటికిఁ బోఁగులన్నియు పడుగుపేకలుగాఁ గలిసిపోయి, వడకిన చేయి కనఁబడకుండెడిది. ఆ చేతిని జూచుటకు మఱి యైదువందల యేండ్లకుఁ బైగాఁ బట్టినది.

18వ శతాబ్ది యుత్తరభాగమునఁ బాట్రిక్ రసెల్ అను వైద్యుఁడు విశాఖపట్టణమునఁ గొంతకాలము నివసించెను. అతఁడు ప్రకృతిశాస్త్రజ్ఞుఁడు, పాములను, చేఁపలను, మొక్కలను సేకరించుట యతనికిఁ బని. విశాఖపట్టణమున సేకరించిన 200 చేఁపల వర్ణనలను, చిత్రములను నతఁడు 1803లో లండనున రెండు సంపుటములుగాఁ బ్రకటించెను. ఆ గ్రంథమున నతఁ డనేక మత్స్యములకు నిచ్చటి బెస్తవారు చెప్పిన పేళ్లనే వ్రాసికొనెను. వానిలో వాలుగ యొకటి. తరువాతి మత్స్యశాస్త్రజ్ఞు లా పదమునే లాటిన్ రూపమునకుఁ దిప్పి యొక ప్రజాతికి 'వల్లాగో' యని నామకరణము చేసిరి. నేఁడు ప్రపంచమునందలి శాస్త్రజ్ఞులందఱు నా చేఁపను 'వల్లాగో అట్టు' అని పిలుచుచున్నారు. ఇట్లు తెనుఁగు బెస్తవాని నోటిమాట శాస్త్రలోకమున శాశ్వతమైనది.

ఇచ్చట నొక శబ్దవిషయము చెప్పవలసియున్నది. కావ్యములలోఁ దఱుచుగాఁ గనఁబడు 'వాలుగంటి' యను పదము 'వాలు', 'కన్ను' అని విడఁదీయఁదగినది. వాలనఁగా దీర్ఘమైనది. కావున వాలుగంటికిఁ జేఁపతో సంబంధము చెప్పఁ బనిలేదు. అయినను మీనాక్షీశబ్దమున కలవాటుపడిన చెవికి నందును వాలుగయే తోఁచుట సహజము. కవులు చేఁపను గంటి కుపమానము చేసిరి. వడకు స్త్రీలు దాని దవడను జేతఁ బట్టి పనిముట్టుగాఁ జేసికొనిరి. ఈ రెండవ యుపయోగము మన నిఘంటువులు చదివినవారికిఁ దెలియదు. రసెల్ కును దెలిసినట్లు కనఁబడదు. అతఁడు చేఁపను గొనిపోయెను, పేరును గొనిపోయెను, పని మాత్ర మిచ్చటనే నిలిచినది.

ఆ పనిని వ్రాసినవాఁడు వేఱొక దేశమున వేఱొక వైద్యుఁడు. జేమ్స్ టెయిలర్ అనునాతఁడు వంగదేశమందలి ఢాకానగరమున వైద్యుఁడుగా నుండి, అచ్చటి నూలుపరిశ్రమనుగూర్చి యొక గ్రంథము వ్రాసెను. లండనున మహాప్రదర్శనము జరిగిన 1851వ సంవత్సరముననే యది వెలువడినది. ఢాకా సన్నవస్త్రములకు మేఘనానదీతీరమునఁ బండు 'ఫుటీ' యను ప్రత్తి యాధారము. గింజ తీయకముందే యా ప్రత్తిని 'బోయాల్' అను చేఁప దవడతో దువ్వుచుండిరని టెయిలర్ వ్రాసెను. ఆ దవడయందలి పండ్లు సన్ననివై, దట్టమై, కొంచెము వంకరగా నుండి, సహజమైన దువ్వెనవలె నుపయోగపడును. వంగదేశపు బోయాలును, తెనుఁగుదేశపు వాలుగయు నొక్క చేఁపయే.

టెయిలర్ ఇంకను గొన్ని సంగతులు చెప్పెను. మిక్కిలి సన్నని నూలు వడకువారు యౌవనమందున్న స్త్రీలు. తెల్లవాఱినది మొదలు ఎండ ముదురు వఱకును, మరల సాయంకాలమునను మాత్రమే వారు వడకుదురు. నడుమ వడకినచో గాలిలోని తేమ తఱిఁగి పోఁగు తెగును. ఎండకాలమునఁ దప్పనిసరియైనచో వెడల్పుగల పాత్రలో నీరు పోసి, ఆ నీటిపై పోఁగు సాగునట్లు కూర్చుండి వడకుదురు. కదురు క్రిందికొన యొక గవ్వ చెక్కపైఁ దిరుగును. ఈ వర్ణన చదివినవారికి నొక విషయము స్పష్టమగును. సన్ననూలనునది ప్రత్తివలనఁ గాని చేతివలనఁ గాని యొంటరిగాఁ బుట్టదు. ఆ నేల, ఆ నది, ఆ చేఁప, ఆ వేకువ తేమ, ఆ కంటిచూపు అన్నియు నొక్కచోటఁ గూడినఁ గాని యా పోఁగు పుట్టదు.

ఇంతలో లండనున నింకొక సేకరణము సాగుచుండెను. ఇండియా మ్యూజియమున నధికారిగా నుండిన ఫోర్బ్స్ వాట్సన్ అనునతఁడు హిందూదేశపు వస్త్రముల తునుకలను 700 తీసికొని, వానిని 18 సంపుటములుగాఁ గూర్చి, 1866లో వెలువరించెను. ప్రతి తునుకకును బొడవు, వెడల్పు, బరువు, దొరకిన చోటు మొదలైన వివరములు చేర్పఁబడినవి. ఇట్టి ప్రతులు 20 తయారుచేసి, 13 ఆంగ్లదేశముననే యుంచి, 7 హిందూదేశమునకుఁ బంపిరి. ఈ దేశస్థులేమి ధరింతురో తెలిసికొని యట్టి వస్త్రములను దమ యంత్రములపై నేసి యమ్ముకొనుటకు ఆంగ్లేయ వస్త్రోత్పాదకులకుఁ దోడ్పడవలయునని యీ గ్రంథకర్త ప్రధానోద్దేశము. దానిని వాట్సన్ దాఁచలేదు. ఆ సంపుటములు నేఁటికిని గ్రంథాలయములలో నున్నవి. రంగులు చెడలేదు, పోఁగులు చెదరలేదు. వస్త్రచరిత్ర పరిశోధకులకు వానికంటె నమూల్యమైన నిధి లేదు. కాని తునుకలు పదిలముగా నుండఁగా, వానిని వడకిన చేతులు పనిలేక యూరకుండెను. ఆ శతాబ్ది ముగియునప్పటికి ఢాకాయందు ఫుటీప్రత్తి సాగు నశించినది. ఆ నూలు వడకు విద్యయు నడుగంటినది.

ఇఁక మన దేశమునకు మరలుదము. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరున, దాని చుట్టుపట్టు గ్రామములలోను, వాలుగ దవడతోఁ బ్రత్తి దువ్వు నాచారము నేఁటికిని నిలిచియున్నది. ప్రత్తి కొండప్రత్తియుఁ బునాసప్రత్తియు. పేళ్లే దాని చోటును ఋతువును దెలుపుచున్నవి. వాలుగ దవడలు గోదావరీప్రాంతమునుండి తెప్పించుకొందురు. గింజతోఁ గూడిన ప్రత్తిని జేతఁ బట్టి యా పండ్లపై దువ్వఁగా, ఆకుతునుకలును నలుసులును రాలిపోయి, పోఁచలన్నియు నొక్క దెసకు వాలును. పిదప పలకపై నుంచి యినుపకడ్డీతో నొత్తి గింజ వేఱుచేయుదురు. ఆ దూదిని జిన్నవింటితో నేకి, ఏకులుగాఁ జుట్టి, ఎండిన యరఁటిదొప్పలలోఁ బెట్టుదురు. ఏకు మేకగుట మన సామెతలోని మాట. ఇచ్చట నేకు దారమగును.

వడకుటలోని సొగసు చూచినవారికే తెలియును. కుడిచేయి రాట్నమును ద్రిప్పును. ఎడమచేయి యేకును వెనుకకు సాగఁదీయును. కదురుకొననుండి మెలి పోఁగువెంట నెగఁబ్రాఁకి వచ్చును. మెలి యెక్కువయైనచోఁ బోఁగు ముడుచుకొనును, తక్కువయైనచోఁ దెగును. ఈ రెంటి నడిమి మేర వ్రేళ్లకుఁ దెలియును కాని కంటికిఁ దెలియదు. ఎడమచేయి చాఁచినంత దూరము చాఁచి, రాట్నము నించుక వెనుకకుఁ ద్రిప్పి, పోఁగును గదురునకుఁ జుట్టి, మరల మొదలుపెట్టుదురు. గాత్రమునకు శ్రుతివలె రాట్నపు మ్రోఁత చేతికి లయ చెప్పును. ఇట్లు వడకిన పొందూరునూలు 100వ నంబరునకుఁ దక్కువ కాదను ప్రసిద్ధి గలదు. నంబరనఁగా నొక పౌను బరువు నూలులో 840 గజముల చిలుపలెన్ని యుండునో యా లెక్క. అనఁగా నూఱవ నంబరు నూలు ఒక పౌనునకు 84,000 గజములు, సుమారు 77 కిలోమీటర్లు సాగును. పిడికెఁడు దూదినుండి యింత దారి పుట్టుచున్నది.

ఢాకా విద్య నశింపఁగా పొందూరు విద్య యేల నిలిచినది? చేఁప రెండుచోట్లను గలదు. సన్నప్రత్తియు రెండుచోట్లను గలదు. గింజతోనున్నపుడే దువ్వవలసిన యవసరమును రెండుచోట్ల నొక్కటియే. కావున భేదము ప్రకృతిలో లేదు. దాని కారణము మఱియొక చరిత్రలోఁ గనఁబడుచున్నది.

మహాత్మాగాంధి 1909లో 'హింద్ స్వరాజ్' వ్రాసి యందు రాట్నమును బ్రశంసించు నాఁటికి రాట్నమును గంటఁ జూచినవాఁడు కాఁడు. 1915లో నాశ్రమము స్థాపించునాఁటికిని జూడలేదని యాతఁడే తన యాత్మకథలోఁ జెప్పుకొనెను. ఆ రాట్నమును వెదకి తెచ్చినది గంగాబెన్ మజుందార్ అను వితంతువు. 1917లో భరూచి విద్యాసభయందు గాంధి యామెను గలసికొనెను. ఆమె ధైర్యశాలిని, గుఱ్ఱపుస్వారి నేర్చినది, తోడులేకయే యూళ్లు దిరుగఁగలది. ఘూర్జరదేశమంతయు వెదకి, తుదకు బరోడాసంస్థానమందలి విజాపురమున నామె రాట్నములను గనుఁగొనెను. అవి యటకలపైఁ బాఁతసామానులలోఁ బడియుండెను. ఎవరైన నేకులు తెచ్చియిచ్చి, వడకిన నూలు కొనినచోఁ దాము మరల వడకుదుమని యచ్చటి స్త్రీలు చెప్పిరి.

ఈ మాట మిక్కిలి విచారింపఁదగినది. ఆ స్త్రీలు విద్యను మఱవలేదు. రాట్నము విఱుగలేదు. ఏకులు తెచ్చువారును, నూలు కొనువారును లేకపోవుటయే లోపము. యాత్రికులు పూర్వమెందఱో వచ్చిరి. వారు నూలును గొనిపోయిరి. గంగాబెన్ యాత్ర యట్టిది కాదు. ఆమె యేకులను గొనివచ్చెను. బొంబాయి మిల్లునుండి ఉమర్ సోబానీ యేకులు పంపెను. పిదప మిల్లు నేకులు వలదని గాంధి యనఁగా, ఏకువానిని వెదకి కుదుర్చుకొనెను. సేకరణమునకును బోషణమునకును గల భేదమిది.

అటుపిమ్మట నూలు సేకరించుట దేశమున నొక క్రొత్త యర్థము దాల్చినది. 1921లో బెజవాడయందు సమావేశమైన యఖిలభారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలయునని తీర్మానించెను. 1924లో బెల్గాము కాంగ్రెసున సభ్యత్వపుఁ జందాగా నెల కొక్కింటికి 2,000 గజముల స్వహస్తనూలు నియమింపఁబడెను. ఈ నియమము మఱుసటి యేఁడే సడలింపఁబడినను, రూకలకు మాఱుగా నూలు చెల్లుబడియైన చరిత్ర దీనివలన మనకు దక్కినది. గాంధి తన కుమారుఁడు దేవదాసును బొందూరునకుఁ బంపి యచ్చటి వడకువిధానమును బరిశీలింపఁజేసెను. 1929లో నఖిలభారత చరఖాసంఘము మేలైన రాట్నమును నిర్మించినవారికి లక్షరూపాయల బహుమానము ప్రకటించెను. ప్రయాణములలోఁ జేతఁ బట్టుకొనిపోఁదగిన పెట్టెరాట్నము యెరవాడ చెఱసాలపేరఁ బ్రసిద్ధమైనది. 1931లో లండనునకుఁ బోవుచు రాజపుతానా యను నోడపైని గాంధి నూలువడకెను. మోటుపల్లినుండి నూలుబట్ట లోడలపైఁ బోయిన కాలమున వడకిన చేయి యొడ్డుననే యుండెడిది. ఈ మాఱు చేయియే యోడయెక్కినది.

పొందూరున 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘ మేర్పడినది. ఏకులు సమకూర్చుట, నూలు కొనుట యను రెండు పనులును నొక నెలవునందుఁ గూడినవి. విజాపురపు స్త్రీలడిగినదియు నిదియే. పొందూరు విద్య నిలుచుటకు నాకు గోచరించు ముఖ్యకారణ మిదియే.

ఇంతమాత్రమున సేకరించినవారి శ్రమ వ్యర్థమని నేనన్నట్లు తలఁపరాదు. ఢాకా సన్నవస్త్రమును బునరుద్ధరింపవలయునని 21వ శతాబ్ది రెండవ దశకమున వంగదేశీయులు పూనికొనిరి. నశించినదని తలఁచిన ఫుటీప్రత్తిని వెదకుటకు వారికిఁ దోడ్పడినవి లండను క్యూ వనమున భద్రపఱుపఁబడిన పూర్వపుటెండుటాకులును, మ్యూజియములలోని పూర్వపు వస్త్రములును. ఆ యాకులను బట్టి మేఘనాతీరమున మొక్కలను బోల్చి చూచిరి. అయినను మొక్క దొరకినంతనే పని ముగియలేదు. అంత సన్ననినూలు వడకు చేతులు లేవు. ముతకనూలు వడకు స్త్రీలను జేర్చి, క్రమక్రమముగా సన్ననూలునకు వారి వ్రేళ్ల నలవాటు చేయవలసివచ్చినది. ఆకు గ్రంథాలయమున దొరకినది. వ్రేలు మాత్రము పల్లెలోఁ దొరకవలసివచ్చినది. సేకరణము విత్తనపుగాదెవంటిది. విత్తువాఁడున్నచో గాదె పనికివచ్చును. లేనిచో నది పురుగులపాలు కాకున్నను బంటకు మాత్రము రాదు.

పొందూరునందును వడకు స్త్రీలు పెద్దవయసువారగుచున్నారు. క్రొత్తగా నేర్చుకొనువారు తక్కువ. వాలుగచేఁప యంతర్జాతీయ ప్రకృతిపరిరక్షణ సంఘమువారి పట్టికలో నపాయమునకు లోఁబడిన జాతులలోఁ జేరినది. వీనిని జూడఁగా సాహిత్యపరిశోధకులమైన మనకు నొక విధి గలదని తోఁచుచున్నది. మన నిఘంటువులలో రాట్నము, కదురు, ఏకు, చిలుప, కండె యను పదములు గలవు. కాని రాట్నపుఁ బ్రత్యంగములకును, నూలు దోషములకును, దువ్వుటలోని యొక్కొక్క యంతరువునకును వడకువారి నోట నుండు మాటలలో నెన్ని మన నిఘంటువుల కెక్కినవి? పాఠశాలాపండితులు తఱుచుగాఁ గ్రామములకుఁ బోవుచుందురు. పోయినపుడు, "దీని నేమందురమ్మా?" యని యడిగి వ్రాసికొని వచ్చుటతోఁ దృప్తి చెందవలదు. ఆ యమ్మ ప్రక్కనఁ గూర్చుండి, యేకు చేతఁ బట్టి, పోఁగు పదిమాఱులు తెంపుకొనుఁడు. తెగినప్పుడెల్ల నామె మందలించుచు నేమనునో, అతుకుట నేర్పుచు నేమనునో, ఆ మాటలు వ్రాసికొనుఁడు. అడిగినపుడు చెప్పిన మాట పేరు మాత్రమే. పనిలో వచ్చిన మాటయే భాష. వచ్చునపుడు కొంచెము నూలును వెలయిచ్చి కొనితెండు.

రసెల్ మన చేఁపపేరును లోకమున కిచ్చెను. టెయిలర్ దాని దవడను లోకమునకుఁ జూపెను. వాట్సన్ వస్త్రపుఁదునుకలను దాఁచెను. గంగాబెన్ అటకమీఁది రాట్నమును దింపించెను. నలువురును నూలుపోఁగు వెంటఁ బోయినవారే. కాని యా పోఁగును దెగకుండఁ జేసినది కడపటి యామె. చంద్రునికి సమర్పించునది యొక్క నూలుపోఁగే కావచ్చును. ఆ యొక్కదానినైన నెవ్వరో యొకరు కూర్చుండి వడకవలయును గదా.